సెరుకు మేడం

మొన్న మా మిల్లుకు హైదరాబాద్ నుంచి ఒక ఇంజనీరు వచ్చిండు. మీటింగు హాల్ల తెర మీద బొమ్మ వేసి చూపిచ్చిండు. ఒక డబ్బాల రైతు, ఇంకో డబ్బాల చెరుకు కొట్టే ముఠా, ఆ తర్వాత ట్రాక్టరు, ఆ తర్వాత మిల్లు. డబ్బాకు డబ్బాకు నడుమ నీలం రంగు బాణాలు. అవి మెరుస్తున్నయి సుత.

"ఈ సాఫ్ట్‌వేర్ ఉంటే అందరికీ అన్నీ కనిపిస్తాయండీ. ఎవరూ ఎవరినీ అడగక్కర్లేదు" అన్నడు.

నాకు నవ్వొచ్చింది. ఆపుకుందామన్నా ఆగలే. పాపం, ఆయన తన మాటల్ల ఏదో తప్పు దొర్లిందనుకొని చొక్కా సర్దుకున్నడు. నేను నవ్వింది ఆయన్ని చూసి కాదు. అవే డబ్బాలు, అవే బాణాలు నేను నిజామాబాద్ల ఎంబీఏ చదివేటప్పుడు నల్లబోర్డు మీద చూసిన. గీసింది మా మేడం. గీసినంక కొద్దిసేపు ఆ బొమ్మ దిక్కే చూసుకుంట, చెయ్యి చెంపకు ఆనిచ్చుకొని నిలబడేది. సుద్దంత చెంపకు అంటేది. ఆ తెల్లటి చెంపతోనే స్టాఫ్ రూముకు పోయేది. మేము ఒక్కనాడు సుత చెప్పలే. చెప్తే మాకు సంబురమెట్ల?

మేడం చనిపోయింది నిరుడు వానాకాలంల. ఆమె పేరు ఇక్కడ రాయను. రాస్తే కోపానికొస్తది. ఫోటో తీస్తనంటేనే గోడచాటుకు పోయే మనిషి. బోధన్ దిక్కు పల్లెలల్ల ఆమె పేరు ఎట్లాగు ఎవ్వలకు తెల్వది. "సెరుకు మేడం" అంటేనే తెలుస్తది.

ఆమె ఉండేది నిజామాబాద్ కంఠేశ్వర్ల. ఆ గల్లీల కిరాణ దుకాణమాయన ఆమె స్కూటీ ఆగుతుంటేనే, పక్కన కూసున్నోళ్లతోని "వచ్చింది తనిఖీ" అంటుండెనట. ఉప్పు పాకిటు కొన్నా ఊకునేది కాదు. ఇది ఏ ఊరి నుంచి వచ్చింది, మొన్న ఎందుకు లేకుండె, లారీ రాలేదా, నువ్వే చెప్పి పంపలేదా? కాలేజీ క్యాంటీన్ల సమోస సగం కొరికి, అందులోని ఆలుగడ్డ ఎక్కడిదని అడిగేది. మా తోటి పిల్ల పెండ్లిలనైతే అక్షింతలు చేతుల పట్టుకొని, "ఈ పసుపు ఏ ఊరిది?" అని పక్కన నిలబడ్డామెను అడిగింది. ఆమె ఏర్గట్ల నుంచి వచ్చిన పసుపు రైతు భార్య. "మా ఇంటిదే మేడం" అన్నది ఆమె, సంతోషపడుకుంట. ఇంకేముంది? అటు మంగళసూత్రం పడుతుంటే ఇటు వీళ్లు పసుపు ఉడకబెట్టుడు గురించి మాట్లాడుకుంటున్నరు. అక్షింతలు మేడం పిడికిట్లనే ఉండిపోయినయి. పోయేటప్పుడు స్కూటీ తాళంచెవి కోసం పిడికిలి ఇప్పి, "అయ్యో" అని మళ్ల లోపటికి ఉరికి ఇద్దరి నెత్తి మీద వేసొచ్చింది.

ఇంకో గుణం. అబద్ధం చెప్పుడు రాదు ఆమెకు. మనమందరం ఫోన్ల ఏమంటం? ఇంట్ల మంచం మీద ఉన్నా "దారిల ఉన్న" అంటం. మేడంకు ఫోన్ చేసి, ఎక్కడిదాక వచ్చిండ్రని అడిగితే, "ఇంట్లనే ఉన్న బిడ్డా, పప్పు మాడింది, గిన్నె తోముతున్న" అనేది. ఎదురుచూసేటోళ్లకు కోపమొస్తుండె గాని, ఒక్కటి మాత్రం నిజం, ఆమె ఎప్పుడొస్తదో మాకు సక్కగ తెలుస్తుండె.

ఆమె చెప్పే పాఠం పేరు సప్లై చెయిన్ ఇంటిగ్రేషన్. సరుకు పుట్టిన కాడి నుంచి వాడేటోళ్ల చేతులకు వచ్చేదాక నడుమ ఉన్నోళ్లందరు ఒక్క ఇంటోళ్ల తీరు పనిచేసుడు. పుస్తకంల దానికి పేజీల కొద్ది అర్థం ఉండె. మేడం మాత్రం, "ఒకరి తలనొప్పి ఇంకొకరికి ముందుగాల తెలువుడు. అంతే. మిగిలిందంత ఇంగ్లీషు" అనేది. జపాన్‌ల కార్ల ఫ్యాక్టరీల ముచ్చట్లు చెప్పేది. నట్టు ఎప్పుడు అవసరమో అప్పుడే నట్టు వస్తదట, ఒక గడియ ముందుగాదు, ఒక గడియ ఎనుకగాదు. ఒకనాడు ఎనుక బెంచి నుంచి ఎవరో, "మేడం, మా ఊరికి బస్సే రాదు" అన్నరు. క్లాసంత నవ్వింది. అందరికంటే ఎక్కువ మేడమే నవ్వింది, కండ్లల్ల నీళ్లొచ్చేదాక. నవ్వి నవ్వి, "నిజమే గదా" అని బోర్డు దిక్కు మర్లి, తను గీసిన బాణాల దిక్కు చాన సేపు చూసింది.

మాది బోధన్ దిక్కు పల్లె. బాపు చెరుకు రైతు. బోధన్ల పాత ఫ్యాక్టరీ మూతబడ్డంక చానమంది వరికి మర్లిండ్రు. బాపు అసొంటోళ్లు కొందరు చెరుకును ఇడువలే. వాళ్ల పంటంత ఇప్పుడు దూరంల ఉన్న ఒక ప్రైవేటు మిల్లుకు పోతది. చదువైనంక ఆ మిల్లులనే నాకు కొలువు దొరికింది. ఏ రైతు చేను ఎప్పుడు కొట్టాలెనో కంప్యూటర్ల చూసి పర్మిట్లు ఇచ్చుడు నా పని. కొలువు సంగతి చెప్తామని మేడంకు ఫోన్ చేసిన. మెచ్చుకుంటదనుకున్న.

"బిడ్డా, నీ మిల్లు నాకు చూపియ్యి" అన్నది. "ఇన్నేండ్లు గొలుసు గొలుసని చెప్పిన. ఒక్క గొలుసును సుత ఈ కొస నుంచి ఆ కొసదాక కండ్లతోని చూడలే."

ఆ ఆదివారమే స్కూటీ మీద మా ఊరికి వచ్చింది. హెల్మెట్ తియ్యకుండనే చేన్ల దిగింది. బాపు ఒక గడ ఇరిచి ఇస్తే, నములుకుంటనే ప్రశ్నలు. చెరుకు కొట్టినంక ఊకె పడి ఉండదని, ఎండకు ఆరి తూకం తగ్గుతదని, రసం సుత తగ్గుతదని, ఎంత జల్ది మిల్లుల పడితే రైతుకు, మిల్లుకు అంత మంచిదని బాపు చెప్పిండు. మేడం నములుడు ఆపింది.

"అంటే అందరి లాభం ఒక్కటే గదా? మరి ఇంక కొట్లాట ఎక్కడిది?"

బాపు తువ్వాలతోని మూతి తుడుసుకొని నా దిక్కు చూసిండు. "మీ మేడం మంచామె ఉన్నది బిడ్డ" అన్నడు, అంతకంటే ఏమనాలెనో తోచక.

తన పాఠాన్ని మా మిల్లు కాడ నడిపి చూస్తనని మేడం అడిగితే, మా చెరుకు మేనేజరు ముందుగాల ఒప్పుకోలే. కాలేజీ పేరు మిల్లుకు మంచిదని పైనోళ్లతోని చెప్పుకోవచ్చని తోచినంక సరేనన్నడు. మా ఊరు, చుట్టుపక్కల పల్లెలు, ఒక్క సీజను. మేడం వాట్సప్‌ల గ్రూపు పెట్టింది. అందుల రైతులు, ట్రాక్టర్లోళ్లు, మిల్లు తరఫున నేను, మేనేజరు సారు. చెరుకు కొట్టే ముఠా మహారాష్ట్ర నుంచి వస్తది. వాళ్ల పెద్దను ముకద్దం అంటరు. అతన్ని సుత అందుల కలిపింది. ఎవరి చెరుకు పక్వానికి వచ్చింది, ముఠా ఎక్కడున్నది, ట్రాక్టరు ఎప్పుడొస్తది, మిల్లు ఎంత తీసుకుంటది, ఉన్నదున్నట్టు అందరు అందుల చెప్పాలె. ఆ చెప్పినదాన్ని బట్టి నేను పర్మిట్లు ఇయ్యాలె. పుస్తకంల ఉన్నట్టే.

ఇంక ఆ గ్రూపుల వచ్చినయి చూడాలె. పొద్దుగాల లేస్తే దేవుళ్ల బొమ్మలు. బర్రె అమ్మకానికున్నదని ఒకాయన. పెండ్లి కార్డులు. అసలు సంగతికొస్తే, అందరి చెరుకు ఒక్కటేసారి పక్వానికొచ్చిందట. ట్రాక్టర్లన్నీ దారిలనే ఉన్నయట. ముకద్దంను ఏమడిగినా "యేతో, యేతో" అని వాళ్ల భాషల జవాబిచ్చేటోడు. అంటే వస్తున్న, వస్తున్న. మిల్లు తరఫున మేనేజరు సారు రోజూ "అంతా సాఫీగా నడుస్తోంది" అని పెట్టేటోడు, యార్డుల ట్రాక్టర్లు రోడ్డుదాక బారులు కట్టినా. మేడం కంఠేశ్వర్ల కూసొని అవన్ని నమ్మింది. నమ్మి, వాటితోని రోజుకొక పథకం గీసి నాకు పంపింది. పదిహేను రోజులు తిరగకముందే మా పల్లెలల్ల ఎన్నడు లేనంత గడబిడ అయింది. మేడం రాకముందు ఎట్లనో ఒకతీరు నడిచేది, ఇప్పుడు అది సుత లేదు.

ఆమె మా ఇంటికి వచ్చి నులక మంచం మీద కూసున్నది. మా అవ్వ చాయ ఇస్తే చేతుల పట్టుకొని తాగుడు మర్చింది.

"అన్నా, ఒక్కటి అడుగుత" అన్నది బాపును. "నీ చెరుకు పక్వానికి రాలే గదా?"

బాపు తువ్వాలను ఒళ్లె మడత పెట్టిండు. "రాలే మేడమా."

"మరి వచ్చిందని ఎందుకు చెప్పినవ్?"

"రాలేదంటే నా వంతు ఎనుకకు పోతది. ఆఖరుకు మిల్లు బందైతే? నిలబడ్డ సెరుకును ఏం జేసుకోను? అందుకే అందరం గట్లనే సెప్తం. మిల్లోళ్లకు సుత ఎరుకే, మేం అబద్దం సెప్తున్నమని. వాళ్లు సగం తగ్గిచ్చుకొని ఇంటరు. మీరొక్కరే, అమ్మా, పూరా నమ్మిండ్రు."

మేడం మొహం ఎర్రగైంది. కోపమనుకున్న. కాదు. సిగ్గు. "నేను బాణం గీసినంక దాని వెంబడి నిజమే పోతదనుకున్న" అన్నది. చల్లారిన చాయ ఒక్క గుక్కల తాగి లేచింది. కాలేజీల సెలవు పెట్టి, ఒక్కొక్కల దగ్గరికి తిరుగుడు మొదలుపెట్టింది.

ముకద్దం దగ్గరికి పోయిననాడు నేను వెంబడి ఉన్న. ఆనాడు ముఠా మా పక్క చేన్ల ఉండాలె. పొద్దటి నుంచి యేతో యేతో అంటున్నడు. మేడం సక్కగ వాళ్ల గుడిసెల కాడికి స్కూటీ మర్లిచ్చింది. ముఠాల చానమంది ఇంకో రైతు చేన్ల ఉన్నరు. ముకద్దం మాత్రం గుడిసె ముందట నెత్తి పట్టుకొని కూసున్నడు. లోపటి నుంచి అతని కోడలు మూలుగుతున్నది.

"దారిల ఉన్ననంటివి గదా?" అన్నది మేడం.

అతను లేచి దండం పెట్టిండు. అతని తెలుగు సగం మరాఠీ. "బాయి, కోడలికి నొప్పులు. రానంటే మీరు ఇంకో ముఠాకు పని ఇస్తరు. వస్తనంటే మీరు నా కోసం ఎదురుచూస్తరు. అందుకే యేతో అన్న."

"ఆసుపత్రికి ఎందుకు తీసుకపోలే?"

"ట్రాక్టరు చెరుకు ఏసుకొని పోయింది. నాకు ఇక్కడ ఎవలు ఎరుక?"

ఇంక మేడం ప్రశ్నలు అడగలే. నాకు ఎరుకున్న ఆటోఆయనకు ఫోన్ చేయించింది. ఆ పిల్ల తల తన ఒళ్లె పెట్టుకొని ఆటోల బోధన్ ఆసుపత్రిదాక పోయింది. స్కూటీ నేను తోలిన. పొద్దుగుంకక ముందే ఆడపిల్ల పుట్టింది. మేడం ఆ పసిగుడ్డును ఎత్తుకొని వరండాల అటిటు తిరుగుతుంటే, ముకద్దం గోడకు ఆనుకొని ఏడ్సిండు. పసిపిల్ల మూతి తుడుసుకుంట మేడం నాతోని అన్నది: "నేను క్లాసుల దీన్ని సమాచార లోపం అని చెప్పిన బిడ్డా. గిదా లోపం? ఇది భయం."

మర్నాడే మేనేజరు సారు ముందట కూసున్నది. "నిజం చెప్పినోళ్ల వంతు పోవద్దు. పక్వానికి రాలేదన్న రైతుకు, వచ్చిననాడు మొదటి పర్మిట్ ఇయ్యాలె. ఇవ్వాళ రానని ముందుగాల చెప్పిన ముఠాకు పని తియ్యొద్దు. ఈ మాట మీరే మీ నోటితోని వాళ్లకు చెప్పాలె" అన్నది. ఆయన అటిటు చూసి సరేనన్నడు. గ్రూపుల చెప్పిండు సుత.

ఎవ్వలు నమ్మలే. కొన్ని రోజులకు ముకద్దం మొదలు ధైర్యం చేసిండు. "ఈరోజు రాము. మనుషులకు జ్వరాలు" అని పెట్టిండు. ఆనాడు వంతున్న రైతు తిట్టిండు గాని, ముఠా పని పోలే. ఆ తర్వాత బాపు, "నా సెరుకు ఇంక పచ్చిగనే ఉంది" అని చెప్పి, చెప్పిన రోజంత నా మొహం దిక్కే చూసిండు, వంతు పోతదేమోనని. పోలే. మెల్లమెల్లగ గ్రూపుల దేవుళ్ల బొమ్మల నడుమ నిజాలు వచ్చుడు షురువైనయి. ట్రాక్టరాయన ఒకడు, "చాయ తాగుతున్న, అర్ధగంటకు బయలెల్లుత" అని పెడితే, మేడం ఆ మాటను నాకు చదివి వినిపిచ్చి చిన్నపిల్లతీరు చప్పట్లు కొట్టింది. మా పల్లెల చెరుకు యార్డుల నిలబడుడు తగ్గింది. మేనేజరు సారు సుత మేడం వస్తే లేచి నిలబడుడు మొదలుపెట్టిండు.

అప్పుడే మిల్లుల బాయిలరు చెడిపోయింది.

ఆ పొద్దు మేడం మా ఆఫీసులనే ఉన్నది. చిమ్నీల పొగ లేదు. మిషన్ల చప్పుడు లేదు. అసొంటి నిశ్శబ్దం మిల్లుల మంచిది కాదు. మేనేజరు సారు మా ఇద్దర్ని క్యాబిన్లకు పిలిచి తలుపు పెట్టిండు.

"గ్రూపుల ఏం చెప్పొద్దు. ఒకటి రెండు రోజుల్ల బాగైతది" అన్నడు.

"పల్లెలల్ల కోత నడుస్తున్నది గదా. కొట్టిందంత ఆరిపోతది" అన్నది మేడం.

"చెప్తే ఏమైతది మేడం? చెరుకంత సరిహద్దు దాటి మహారాష్ట్ర మిల్లులకు పోతది. రేపు బాయిలరు బాగైనంక నేను మిల్లుల ఏమేసి ఆడియ్యాలె? చెరుకు లేక మిల్లు ముందుగాలనే బందైతే, మిగిలిన రైతుల సంగతేంది? మీది క్లాసు. నాది మిల్లు."

ఆయన మాటల అబద్ధం లేదు. మేడంకు సుత అది తెలుసు. కుర్చీల కూసొని చేతులు ఒళ్లె పెట్టుకున్నది.  ఆ పొద్దు పర్మిట్ మా బాపుదే. ముఠా అప్పటికే మా చేన్ల దిగి ఉంటది. చెప్తే నా కొలువు, చెప్పకుంటే మా ఇంటి పంట. నా మొహం చూసి మేడంకు అంత తెలిసిపోయింది.

"నువ్వు ఫోన్ ముట్టకు బిడ్డా" అన్నది. సారు దిక్కు మర్లింది. "సారూ, నిజం చెప్పిన ముకద్దంను కాపాడినం. నిజం చెప్పిన రైతును కాపాడినం. ఇప్పుడు మన వంతు వచ్చింది. మనమే దాస్తే రేపటి నుంచి వాళ్లు మళ్ల యేతో యేతో అంటరు. నేను చెప్తున్న. మీకు తెల్వకుండ చెప్తలేను, మీ ముందటనే చెప్తున్న."

సారు చెయ్యి అడ్డం పెట్టలే. పెడితే బాగుండెనని ఆయనకు తర్వాత అనిపిచ్చి ఉంటది. మేడం ఫోన్ మూతి కాడికి తెచ్చుకొని, గ్రూపుల అందరు వినేటట్టు మాట్లాడింది: "మిల్లు ఆగింది. ఎప్పుడు నడుస్తదో ఇంక తెల్వది. కొట్టినోళ్ల చెరుకు ముందుగాల తీసుకుంటరు. కొట్టనోళ్లు కొట్టకుండ్రి. నిలబడ్డ చెరుకు నిలబడ్డ కాడనే మంచిగుంటది. మహారాష్ట్ర దిక్కు పంపుకునేటోళ్లు పంపుకోండ్రి, గాని చెప్పి పంపుండ్రి."

బాపు ఆ మాట చేన్ల విన్నడు. అప్పటికి మొదటి సాళ్లే కొట్టిండ్రు. చెయ్యెత్తి అందర్ని ఆపిండు. మిగిలిన చేన్లల్ల సుత చానమంది ఆగిండ్రు. కొందరు అటు పంపిండ్రు. వాళ్లల్ల ఇద్దరు ముగ్గురే చెప్పి పంపిండ్రు.

మేడం యాదిమర్చింది ఒక్క ముఠానే. చెరుకు నిలబడి ఉంటే చెరుక్కి మంచిదే. మరి కొట్టేటోళ్లకు? పని ఆగితే వాళ్లకు తిండి ఆగినట్టే. ముకద్దం మధ్యాహ్నం మా ఇంటికొచ్చి, మేడం ఎదురుంగ నిలబడ్డడు. "బాయి, నిజం చెప్పుమంటివి, చెప్పిన. ఇప్పుడు నీ నిజంతోని మా పని పోయింది" అన్నడు.

మేడం అరుగు మీద కూసొని కాలి బొటనవేలితోని మట్టి గీకింది. ఒక్కసారి తలెత్తి, "ఏర్గట్ల!" అన్నది. ఆ పెండ్లిల అక్షింతల పసుపు గురించి చెప్పినామెకు ఫోన్ కలిపింది. పసుపు తవ్వే కాలం. మనుషులు దొరకక వాళ్లు సుత తిప్పలు పడుతున్నరు. "పంపుండ్రి మేడం, ఎంతమందైనా పంపుండ్రి" అన్నది ఆమె. మర్నాడు ముఠా ట్రాక్టర్ల ఎక్కి ఏర్గట్ల పోయింది. పసిపిల్లను ఎత్తుకొని కోడలు సుత ఎక్కింది.

"పోయినోళ్లు మళ్ల రారు. నాకు ముఠా సుత లేకుండ చేసింది మీ మేడం" అన్నడు సారు నాతోని.

బాయిలరు బాగైంది. ముకద్దం మాటిచ్చిన పొద్దుకే వచ్చిండు. కొందరు పసుపు కాడనే ఉండిపోయిండ్రు. "వాళ్లు రాము అన్నరు. అందుకే తక్కువ ఉన్నం" అని గ్రూపుల ముందుగాలనే చెప్పిండు. బాపు చెరుకు ఆలస్యమైంది గాని ఆరిపోలే. మిల్లు అనుకున్నదానికంటే కొద్దిగ ముందుగాలనే బందైంది. అందరు గెలిచిండ్రని నేను చెప్పలేను. ఎవ్వలు మునగలే.

మేనేజరు సారు కాలేజీకి కంప్లయింటు పంపిండు. మేడంను ఇంక మిల్లు దిక్కు పోవద్దన్నరు. నన్ను స్టోరుకు మార్చిండ్రు, సున్నం బస్తాలు, గోనె సంచులు లెక్క చూసుకునే కాడికి. మేడం నన్ను చూడొచ్చి గేటు అవతల్నే నిలబడ్డది. "నా మూలంగ నీకు గీ సున్నంల కూసునే గతి పట్టింది" అని కండ్లల్ల నీళ్లు పెట్టుకున్నది.

"ఇక్కడ ఫ్యాన్ ఉంది మేడం, ఆఫీసుల అది సుత లేకుండె" అన్న.

ముక్కు చీదుకొని నవ్వింది. గేటు సందుల నుంచి లోపటికి చూసుకుంట, "అవుగాని, ఈ సున్నం ఏ ఊరి నుంచి వస్తది?" అన్నది.

ఆ తర్వాత క్లాసుల ఆమె డబ్బాలు, బాణాలు గీసుడు మానలే. నా తర్వాత చదివిన పిల్లలు చెప్తరు, గీసినంక సుద్ద పక్కన పెట్టి, ఎవరినో ఒకర్ని లేపేదట. "నువ్వు ముకద్దంవి. ఇవ్వాళ నీ కోడలికి నొప్పులు. మిల్లు అడుగుతున్నది, ఎక్కడున్నవని. ఏం చెప్తవ్?" పిల్లలు పుస్తకంల జవాబు చెప్తే కూసొమ్మనేది కాదట. ఎవరన్న "దారిల ఉన్ననని చెప్త మేడం" అంటే, "మంచిది, ఇప్పుడు పాఠం మొదలు పెడుదాం" అనేదట.

గ్రూపు మాత్రం అట్లనే ఉండె. ఎవ్వలు తియ్యలే. మరుసటి సీజన్ల నన్ను మళ్ల చెరుకు ఆఫీసుకు పిలిచిండ్రు, పర్మిట్ల పని ఇంకెవ్వలకు సక్కగ రాక. ఆ సీజన్లనే మళ్ల బాయిలరు మొరాయించింది. సారు నన్ను క్యాబిన్లకు పిలిచిండు. తలుపు పెట్టి, "మీ మేడంకు ఫోన్ కలుపు" అన్నడు.

అప్పటికి మేడంకు పానం బాగలేదు. మంచం మీదనే ఉంటుండె. అయినా ఫోన్ ఎత్తింది.

"మేడం, మిల్లు ఆగింది. జర మీరు ఆ గ్రూపుల చెప్పుండ్రి. మేము చెప్తే నమ్మరు. మీరు చెప్తే నమ్ముతరు" అన్నడు సారు.

అవతల దగ్గు వినపడ్డది. "నేను చెప్పను సారూ."

"నా మీద కోపమా మేడం?"

"కోపం గాదు. నేను ఎన్నొద్దులుంట? మిల్లు మీది, మీరే చెప్పుండ్రి. మొదటిసారి నమ్మరు. రెండోసారి సుత నమ్మరు. చెప్తనే ఉండుండ్రి."

సారు ఫోన్ టేబుల్ మీద పెట్టి, గ్లాసెడు నీళ్లు తాగిండు. గ్రూపుల మాట్లాడుటానికి రెండుసార్లు షురువు చేసి రెండుసార్లు తుడిపేసిండు. మూడోసారి గొంతు సవరిచ్చుకుంట, నడుమ నడుమ ఆగుకుంట చెప్పిండు, మిల్లు ఆగిందని, ఎప్పుడు నడుస్తదో తనకు సుత తెల్వదని. ఆ ఆఖరి మాట అంటుంటే ఆయన చెవులు ఎర్రగైనయి.

బాపు ఆ మాటను చేను గట్టు మీద కూసొని విన్నడట. మళ్ల పెట్టి ఇంకోసారి విన్నడట. "గీయనకు మాట్లాడరాదు. అబద్దమైతే గింత తడబడకపోవు" అని, ముకద్దంను కొట్టుడు ఆపమన్నడట.

ఆదివారం నేను కంఠేశ్వర్ పోయిన. మేడం చెల్లె తలుపు తీసింది. మేడం దిండుకు ఆనుకొని కూసున్నది, చానా చిక్కింది. నేను ఇంక కాళ్ల చెప్పులు ఇడువకముందే, "చెప్పిండా?" అన్నది.

"చెప్పిండు మేడం."

"ఆగిండ్రా?"

ఆమె ముందట అబద్ధం ఎట్ల ఆడుత? "అందరు ఆగలే మేడం. సగం మంది ఆగిండ్రు. మిగిలినోళ్లు నమ్మక కొట్టుకున్నరు."

"సగం మందా!" అన్నది. మంచం మీద నిటారుగ లేచి కూసున్నది. "నేను లేకుండ, ఆయన మాట మీద, సగం మంది ఆగిండ్రా! కూసో, కూసో బిడ్డా. మొదలు ఎవరు ఆగిండ్రు? ఒక్కొక్కల పేరు చెప్పు."

నేను మంచం పట్టె మీద కూసొని చెప్పుడు మొదలుపెట్టిన. మా బాపు. పక్క చేను పటేలు. కాల్వ అవతలి చిన్నాయన. మేడం కండ్లు మూసుకొని ఒక్కొక్క పేరుకు తలూపుకుంట వింటున్నది. నడుమ నేను కొద్దిగ ఆగితే, కండ్లు తెరవకుండనే, "ఊ, తర్వాత?" అన్నది.